చుక్క పొడిచేదాకా

పోయిన వారం రక్తపరీక్ష చేయించుకోవడానికి వెళ్ళాను. నలభైకి ఇంకా ఇవతలే ఉన్నాను గానీ మా డాక్టరుకి ఆ సంగతి మీద పెద్దగా నమ్మకం ఉన్నట్టు లేదు, ఏడాదికోసారి కొలెస్ట్రాల్ చూపించుకోమని వెంటపడతాడు. ల్యాబ్ హెర్న్‌డన్‌లో మా ఇంటికి దగ్గర్లోనే ఉంది. సూది చేతబట్టిన అమ్మాయి నా మొహం వైపు చూడకుండానే "ఫాస్టింగేనా?" అంది. అవునన్నాను. కాఫీ పడక తల దిమ్ముగా ఉంది, ఆ పిల్ల మీద ఊరికే కోపంగా ఉంది. కళ్ళు మూసుకుని కుర్చీలో వెనక్కి వాలితే, స్పిరిట్ వాసన రావలసిన చోట పుదీనా వాసన వచ్చినట్టనిపించింది.

ఆకలికీ పుదీనాకీ నాకు చిన్నప్పుడే ముడి పడిపోయింది. ఆ ముడి వేసినవాళ్ళు ఇద్దరు. ఒకరు మా అమ్మమ్మ. ఇంకొకరు మొరాకో నుంచి వచ్చిన డాక్టరమ్మ.

అప్పుడు మేము అమెరికాలోనే ఇంకో చోట, ప్లెయిన్స్‌బరోలో ఒక అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో ఉండేవాళ్ళం. అన్నీ ఒకే రంగు బిల్డింగులు, మధ్యలో చెరువనిపించుకోవాలని తంటాలు పడే ఒక నీటిగుంట, దాని చుట్టూ నడకదారి. ఇప్పుడు అటు వెళ్తే నాకు తెలిసిన మనిషి ఒక్కరూ కనబడరు. అప్పట్లో మాత్రం కళ్ళు మూసుకుని కారిడార్‌లో నడుస్తూ ఏ తలుపు వెనక ఏ కూర ఉడుకుతోందో చెప్పేసేదాన్ని. ఇంగువ ఘాటుగా వస్తే మా ఎదురింటివాళ్ళు, మెంతులు మాడిన వాసన వస్తే కింద ఆంటీ, ఆవిడ ఎప్పుడూ ఫోన్‌లో ఉండేది. ఎవరి పోపు కాస్త ఎక్కువ వేగినా పొగకి అలారం కూసేది. అది కూసినప్పుడల్లా తువ్వాలు పట్టుకుని దాని కింద గెంతుతూ విసరడం పిల్లల ఉద్యోగం.

మా ఇంకో ఉద్యోగం లాండ్రీ గదిలో. చలికాలం వస్తే బట్టలారబెట్టే మిషన్లు ఆగీ ఆగకముందే తలుపు తీసి, ఎవరివో తెలియని వెచ్చటి దుప్పట్లలోకి మొహాలు దూర్చేవాళ్ళం. సొంతదారులు వచ్చి అరిస్తే పరుగు.

ఏప్రిల్ దగ్గర్నుంచి అమ్మమ్మలూ నానమ్మలూ దిగేవారు. నేత చీర, దాని మీద అల్లుడి పాత స్వెటర్, కాళ్ళకి మనవడి బూట్లు, తలకి మంకీ క్యాప్. ఆ వేషంలో సాయంత్రాలు గుంట చుట్టూ వరసగా నడిచేవారు. మా అమ్మమ్మ మాత్రం అందరూ వెళ్ళిపోయే వేళకి, చలి ముదిరాక వచ్చింది. అమ్మకి అప్పుడు ఏడో నెల. నా తర్వాత ఇంకో కాన్పు నిలవలేదు. అప్పుడు అమ్మమ్మకి మద్రాసులో వీసా ఇవ్వలేదు. అమ్మ ఆసుపత్రి నుంచి ఖాళీ చేతులతో ఇంటికొచ్చి, ఫోన్ కార్డు గీకి, అమ్మమ్మకి ఫోన్ చేసి, ఏమీ మాట్లాడకుండా కార్డులో నిమిషాలన్నీ ఏడుస్తూ గడిపేసింది. ఆ ఏడుపు విన్నాక అమ్మమ్మ ఈసారి వీసా కోసం ఏ దేవుణ్ణీ వదల్లేదు.

వచ్చిన మర్నాటి నుంచీ ఇల్లు ఆవిడ చేతుల్లోకి వెళ్ళిపోయింది. నాకు తెలుగు అక్షరాలు దిద్దించింది కూడా ఆ రోజుల్లోనే. ఈ మాత్రం రాయగలుగుతున్నానంటే ఆవిడ చలవే. బడి నుంచి రాగానే నా జడ విప్పి, కొబ్బరినూనె పట్టించి, మా అమ్మ చిన్నప్పటి వెధవపనులన్నీ పూసగుచ్చినట్టు చెప్పేది. ఆవిడ చేతుల్లో ఎప్పుడూ కరివేపాకు వాసన. ఎవరైనా నన్ను ఆ వాసన నుంచి విడదీస్తారన్న ఊహే నాకు రాలేదు.

మా ఎదురు బిల్డింగ్‌లో ఒక్కతే ఉండేది డాక్టరమ్మ. పిల్లలం డాక్టర్ ఆంటీ అనేవాళ్ళం, పెద్దవాళ్ళు డాక్టరమ్మ అనేవారు. పొట్టి మనిషి, మెడ దాకా కత్తిరించిన నెరిసిన జుట్టు, పెద్ద పెద్ద చేతులు. వారమంతా ఆసుపత్రిలో పని. శనివారం పొద్దున మాత్రం కాంప్లెక్స్ మేనేజర్ని ఒప్పించి లాండ్రీ పక్కన ఉన్న పార్టీ గది తీయించి, ఇన్సూరెన్స్ లేనివాళ్ళని ఊరికే చూసేది. గడ్డి కోసేవాళ్ళు వచ్చేవారు, ఇళ్ళు తుడిచే పోలండ్ ఆవిడ వచ్చేది, మా అమ్మమ్మల దండు సరేసరి. గది నిండా సబ్బు వాసన, బట్టలారే వెచ్చటి వాసన, వాటి మీద పుదీనా టీ వాసన. ఆ టీ ఆవిడే కాచేది. వెండి రంగు కూజా ఎత్తి, అంత ఎత్తు నుంచి చిన్న గాజు గ్లాసులోకి ధార కట్టేది. ఒక్క చుక్క బయట పడుతుందేమోనని మేము కాచుకుని చూసేవాళ్ళం. పడేది కాదు.

ఎక్కడ నొప్పి అని ఆవిడ ముందు అడిగేది కాదు. గ్లాసు చేతిలో పెట్టి, "నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి చెప్పండి" అనేది. ఏం తిన్నారు, ఎక్కడికెళ్ళారు, ఎవరితో పోట్లాడారు, అన్నీ. వినేవాళ్ళు లేక మొహం వాచిన అమ్మమ్మలకి ఇంతకంటే ఏం కావాలి. ఇంకో పద్ధతి ఉండేది. రోగి వెంట వచ్చిన కొడుకులూ కూతుళ్ళూ లోపలికి రాకూడదు, మిషన్ల ఎదుట బెంచీ మీద కూర్చోవాలి. భాష కావాలంటే పిల్లల్ని పిలిచేది. "పిల్లలు కలిపి చెప్పరు, తీసేసి చెప్పరు" అనేది. మా గురించి ఆవిడకి అంత నమ్మకం ఎలా కుదిరిందో తెలియదు. నేను ఇక్కడ రాస్తున్న ఆవిడ మాటలన్నీ ఇంగ్లీషువే. నాకు గుర్తున్నది మాత్రం అమ్మమ్మకి నేను చెప్పిన తెలుగులో.

దీపావళి వెళ్ళగానే అమ్మమ్మకి కొత్తగా చుక్కల పిచ్చి పట్టింది. సోమవారం సాయంత్రం అవుతూనే నన్ను బాల్కనీలోకి తరిమేది.

"చుక్క పొడిచిందేమో చూడవే."

"స్టార్ ఇంకా రాలేదు అమ్మమ్మా."

"సరిగ్గా చూడు. నీవి లేత కళ్ళు."

మాకు దగ్గర్లో పెద్ద విమానాశ్రయం ఉంది. చలికి తట్టుకోలేక ఒక విమానాన్ని చూపించి అదిగో అన్నాను. అమ్మమ్మ కాసేపు చూసి, "చుక్క నడుస్తుందిటే, వెధవా!" అని నెత్తి మీద మొట్టింది. ఆ చుక్క కోసం ఆవిడ ఎందుకంత తహతహలాడుతోందో అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఇంకో వింత కూడా ఉంది. అమ్మ పొద్దున ఆఫీస్‌కి వెళ్తూ అమ్మమ్మకి గిన్నెలో అన్నం, పప్పు, కూర సర్ది వెళ్ళేది. సాయంత్రానికి గిన్నె ఖాళీ. మంగళవారం నుంచి ఆదివారం దాకా సరే. సోమవారం మాత్రం నేను బడి బస్సు దిగి గుంట పక్క నుంచి వస్తుంటే, బూడిదరంగు బాతులన్నీ మా బిల్డింగ్ మెట్ల దగ్గర ముక్కులు తుడుచుకుంటూ కనబడేవి. గడ్డి మీద పప్పు మెతుకులు. బాతులకి ఏమీ పెట్టకూడదని అక్కడ బోర్డు ఉందని చదివి చెప్పాను.

"వాటికి చదువు రాదుగా," అంది అమ్మమ్మ.

మొదటి సోమవారం నేను వచ్చేసరికి సోఫాలో ఒదిగి కూర్చుని ఉంది. నుదురంతా చెమట, చేతులు వణుకు. నన్ను చూసి మా అమ్మ పేరు పెట్టి పిలిచి, పలక ఏదే అని అడిగింది. నాకు భయం వేసింది. అంతలో చీకటి పడింది, మబ్బు లేని ఆకాశం, చుక్క కనబడింది. లేచి దీపం పెట్టుకుని గబగబా నాలుగు ముద్దలు తినేసరికి మళ్ళీ మామూలు మనిషి. అమ్మ వచ్చాక చెప్తే, "నీళ్ళు తక్కువ తాగుంటుంది" అంది.

రెండో సోమవారం ఆకాశమంతా మబ్బు. ఎంతసేపు చూసినా ఒక్క చుక్క లేదు. అమ్మమ్మ బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చుంది, లోపలికి రమ్మంటే రాదు. అమ్మా నాన్నా వచ్చేసరికి ఆ చలిలో చీరంతా చెమటతో తడిసిపోయి, మాట తడబడుతూ, అమ్మని పట్టుకుని "అత్తయ్యా, పాలు పొంగిపోతున్నాయి" అంటోంది. అమ్మ కెవ్వుమంది. నాన్న ఎత్తుకొచ్చి సోఫాలో పడుకోబెట్టాడు. ఏం చేయాలో తెలియక అమ్మ గ్లాసు నిండా టీ కలిపి, దండిగా పంచదార వేసి, కొంచెం కొంచెంగా తాగించింది. గ్లాసు సగం అయ్యేసరికి అమ్మమ్మ చూపు కుదురుకుంది. "ఏమిటర్రా అందరూ నా మొహం చూస్తారు?" అంది.

తలుపు వేసుకుని అమ్మా నాన్నా మాట్లాడుకున్నారు. ఆ గోడలు అట్టముక్కలు, నాకు అన్నీ వినబడ్డాయి.

"చూడు, అత్తయ్యగారికి పెరాలసిస్ లాంటిదేమైనా వస్తే ఇక్కడ మనం హ్యాండిల్ చేయలేం. ఆవిడకి మన ఇన్సూరెన్స్ వర్క్ కాదు. వచ్చే గురువారం మా ఆఫీస్‌లో ఒకాయన హైదరాబాద్ వెళ్తున్నాడు. తోడుంటాడు. టికెట్ బుక్ చేసేస్తాను. అక్కడ మీ అన్నయ్య మంచి డాక్టర్‌కి చూపిస్తాడు."

"నా డెలివరీకి వచ్చిందండీ ఆవిడ."

"నాకు తెలీదా? రేపు నువ్వు హాస్పిటల్‌లో ఉన్నప్పుడు ఇంట్లో ఆవిడకి ఏదైనా అయితే? పిల్ల ఒక్కతే ఉంటుంది."

నాన్న చెడ్డవాడేం కాదు, భయపడ్డాడు అంతే. నాకు మాత్రం ఆ రోజు ఆయన మీద మండిపోయింది. అమ్మమ్మ వెళ్ళిపోతే అమ్మ పోయినసారిలాగే ఖాళీ చేతులతో వస్తుందని నాకెందుకో గట్టిగా అనిపించింది. ఎవరికీ చెప్పలేదు. లాండ్రీ గదిలో వెచ్చటి దుప్పటి దొరకబుచ్చుకుని అందులో మొహం పెట్టి ఏడ్చాను. ఆ దుప్పటి పాపం ఎవరిదో.

టికెట్ వచ్చేసింది. అల్లుడి ఎదుట నిలబడి మాట్లాడే అలవాటు అమ్మమ్మకి లేదు. గోడ వైపు తిరిగి, "దాని కాన్పు అయ్యేదాకా నన్ను ఉంచితే వాళ్ళ సొమ్మేం పోయింది?" అని దేవుడితో అన్నట్టు అంది. వెళ్ళేలోపల ఒక్కసారి చూపిద్దామని అమ్మ శనివారం ఆవిణ్ణి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. పద్ధతి ప్రకారం అమ్మ బయట బెంచీ మీద, నేను లోపల.

డాక్టరమ్మ గుండె విన్నది, కళ్ళు చూసింది, చేతులు పైకెత్తమంది, నవ్వమంది, వేలు గుచ్చి షుగరు చూసింది. అన్నీ బాగున్నాయి. నిన్నటి రోజు చెప్పమంది. అమ్మమ్మ శుక్రవారం సంగతి మొత్తం చెప్పింది, తిన్న వంకాయకూరలో కారం ఎక్కువైన సంగతితో సహా. అందులో ఏ తప్పూ దొరకలేదు. డాక్టరమ్మ పెదవి కొరుక్కుంటూ నా వైపు తిరిగి, ఎలా తగ్గింది అని అడిగింది. టీ తాగింది, పంచదార టీ, తగ్గిపోయింది అన్నాను. ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి. కూజా ఎత్తి టీ పోసి అమ్మమ్మకి అందించింది. తనకి పోసుకోలేదు.

"ఆవిడ తాగకుండా నేనెలా తాగుతానే? తాగమను," అంది అమ్మమ్మ.

చెప్పాను. డాక్టరమ్మ నవ్వింది. "మాకిది ఉపవాసాల నెల, లల్లా. పొద్దు గుంకేదాకా ఏమీ ముట్టను." పెద్దింటి ఆడవాళ్ళని వాళ్ళ దేశంలో గౌరవంగా లల్లా అని పిలుస్తారట, మా అమ్మమ్మని అలాగే పిలిచేది.

అది వినగానే అమ్మమ్మ మొహం వెలిగిపోయింది. ఈ దేశంలో అడుగుపెట్టాక తన విద్య తెలిసిన మనిషి మొదటిసారి దొరికింది. కుర్చీ ముందుకి జరుపుకుంది.

"ఏమీ ముట్టరా? మంచినీళ్ళో?"

"మంచినీళ్ళు కూడా."

"అమ్మో! నెలంతానా? మాది సోమవారాలే. మరి మందులో? పొద్దున బిళ్ళ వేసుకోవలసిన వాళ్ళున్నారనుకో, వాళ్ళేం చేస్తారో అడగవే."

అడిగాను. "మాలో బిళ్ళ మింగినా ఉపవాసం పోయినట్టే," అంది డాక్టరమ్మ. "మీలో?"

"మాకు పోదు," అంది అమ్మమ్మ, పందెం గెలిచినదానిలా. "బిళ్ళేమన్నా అన్నమా? సోమవారం పొద్దున్నే ఇన్ని నీళ్ళతో షుగరు బిళ్ళ వేసేసుకుంటాను. అది మాననని మా అమ్మాయి ఒట్టేయించుకుంది. అన్నం మాత్రం చుక్క పొడిచేదాకా ముట్టను. కార్తీకమాసం కదా, శివుడికి మొక్కుకున్నాను, దాని కాన్పు సుఖంగా అవ్వాలని. దానికి చెప్పకు, తెలిస్తే తినేదాకా వదలదు."

నేను ఉత్సాహంగా మొత్తం ఇంగ్లీషులో చెప్పేశాను, చెప్పకు అన్న మాటతో సహా. డాక్టరమ్మ చేతిలోని కూజా బల్ల మీద పెట్టింది. తర్వాత గట్టిగా, గది అదిరేలా నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"లల్లా, ఆ బిళ్ళకి మీ మొక్కు సంగతి తెలియదు. ఒంట్లో ఉన్న చక్కెర దించడమే దాని పని. మీరు తిన్నా తినకపోయినా అది దించుకుంటూ పోతుంది. మీ గుండె బాగుంది, మీ తల బాగుంది. మీకు ఆకలి తప్ప ఏ రోగమూ లేదు."

ఆ మాట తెలుగులోకి తిప్పి అమ్మమ్మకి చెప్పాను. చెప్పడం అయ్యీ అవగానే బయటికి పరుగెత్తి అమ్మని పిలిచాను, పద్ధతీ గిద్ధతీ చూసుకోలేదు. అమ్మ పొట్ట పట్టుకుని లోపలికొచ్చి సంగతంతా విని, కూలబడి ఏడ్చి, ఆ ఏడుపులోనే నవ్వు వచ్చి, అమ్మమ్మ భుజం మీద గుద్దింది.

"బాతులకి పెట్టావా నా వంట? నా కోసం నువ్వు ఉపవాసాలుండి పోతే నేనేమైపోవాలి అమ్మా?"

"నీకిచ్చిన మాటా తప్పలేదు, ఆయనకిచ్చిన మాటా తప్పలేదు. ఇద్దరికీ చెరో మాట ఇచ్చాను, నా ఖర్మ," అంది అమ్మమ్మ. ఆ పైన మెల్లగా అసలు సంగతి బయటపెట్టింది. మబ్బు రోజున చుక్క చూడకుండా టీ తాగింది గనక మొక్కు చెడిందట, అందుకని ఏకాదశి కూడా కలుపుకుందట.

వద్దంటే వినే మనిషి కాదు. అమ్మ దణ్ణం పెట్టింది, కోప్పడింది. అమ్మమ్మ నేల చూపులు చూస్తోంది. అప్పుడు డాక్టరమ్మ వాళ్ళమ్మ గురించి చెప్పింది. వాళ్ళది కొండల కింద చిన్న ఊరు. ఆవిడకీ ఇదే జబ్బు, ఇదే పట్టుదల. తెల్లవారకముందే బిళ్ళ మింగేసి రోజంతా పస్తుండి, ఒకనాడు వాకిట్లో పడి తుంటి విరగ్గొట్టుకుంది.

"మాలో ఒంట్లో బాగాలేనివాళ్ళకి ఉపవాసం లేదు, లల్లా. మానేసిన రోజుకి ఒక ఆకలిగొన్న మనిషికి కడుపునిండా పెట్టాలి. అంతే. మా అమ్మ పక్కింటి కుర్రాణ్ణి పిలిచి పెట్టేది. వాడు మరీ ఎక్కువ తింటున్నాడని నెలంతా సణిగేది."

అమ్మమ్మకి నవ్వొచ్చింది. కానీ తేలిగ్గా లొంగలేదు. చాలాసేపు ఆలోచించి, "శివుడు ఒప్పుకుంటాడంటావా?" అని నన్ను అడిగింది, నేనేదో ఆయన దగ్గర గుమాస్తానైనట్టు. తర్వాత తనే జవాబు చెప్పుకుంది. "ఆయన భోళా మనిషి, ఒప్పుకుంటాడులే. కానీ ఈ అమెరికాలో ఆకలిగొన్న మనిషిని ఎక్కడ వెతకనే? అందరి ఇళ్ళల్లో ఫ్రిజ్‌లు పగిలిపోతున్నాయి." అంటూనే ఆగిపోయింది. ఎదురుగా కూర్చున్న మనిషిని ఎగాదిగా చూసింది. పొద్దున్నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టని మనిషి, పొద్దు గుంకాక ఎవరూ లేని ఇంటికి వెళ్ళి ఒక్కతే తినే మనిషి.

"సోమవారం మా ఇంటికి భోజనానికి రమ్మను," అంది.

నాన్న అంత తేలిగ్గా నమ్మలేదు. "సోమవారం గడవనీ, అప్పుడు టికెట్ సంగతి చూద్దాం" అన్నాడు. గురువారం ప్రయాణం అలాగే ఉంది. అమ్మమ్మ పెట్టె కూడా గది మూల సర్ది పెట్టే ఉంది.

ఆ సోమవారం మధ్యాహ్నం అమ్మ దగ్గర కూర్చుని అమ్మమ్మ చేత అన్నం తినిపించిందట. నేను బడి నుంచి వచ్చేసరికి నాన్న కూడా ఇంట్లో ఉన్నాడు. ఏదో మీటింగ్ క్యాన్సిల్ అయిందన్నాడు. పేపరు అడ్డం పెట్టుకుని దాని పైనుంచి వంటింట్లోకి చూస్తున్నాడు. నేను పళ్ళరసం గ్లాసు పట్టుకుని అమ్మమ్మ వెనకే తిరుగుతున్నాను, చెమట పడితే తాగించమని డాక్టరమ్మ నాకు అప్పగించిన పని అది. అమ్మమ్మ మా ఎవరినీ లెక్కచేయకుండా పులిహోర కలుపుతోంది, గారెలకి నూనె పెట్టింది. పోయిన సోమవారాల్లో ఆవిడ ఒళ్ళు తూలిన వేళ అయింది. ఇల్లంతా నిశ్శబ్దం. ఒక్కసారిగా కుయ్యోమని కూత. నాన్న పేపరు విసిరేసి "అత్తయ్యగారూ!" అంటూ వంటింట్లోకి ఉరికాడు. అమ్మమ్మ గరిటె చేత్తో పట్టుకుని నిబ్బరంగా నిలబడి ఉంది. కూసింది పొగ అలారం. నాన్నే తువ్వాలు తీసుకుని విసరడం మొదలుపెట్టాడు. అల్లుడి ఎదుట ఎన్నడూ నవ్వని అమ్మమ్మ ఆ రోజు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంగి వంగి నవ్వింది. చేతులు వణకలేదు. నుదుటి మీద చెమట ఉంది గానీ అది గారెల సెగ.

చీకటి పడుతుండగా డాక్టరమ్మ వచ్చింది, ఒక చేతిలో ఖర్జూరాల డబ్బా, ఇంకో చేతిలో గిన్నె నిండా చారు. అమ్మమ్మ కోసం మాంసం లేకుండా కాచిందట. ఖర్జూరం నోట్లో వేసుకోబోతుంటే అమ్మమ్మ ఆపింది.

"చుక్క ఇంకా రాలేదు."

"మాకు సూర్యుడు వెళ్ళిపోతే చాలు."

"అంతేనా?" అంది అమ్మమ్మ, వాళ్ళ ఉపవాసం కాస్త తేలికదేనని తేల్చేసిన గొంతుతో. ఆ నెలంతా మంచినీళ్ళు లేకుండా ఉండేది వాళ్ళేనన్న సంగతి అప్పటికి మర్చిపోయింది.

ఇతరుల ఇంటి వంట ముట్టని మనిషి ఆ చారు చెంచాతో రుచి చూసి, "మన పప్పుచారే, శనగలు పడ్డాయంతే," అని ఇంకో గిన్నె పోసుకుంది. డాక్టరమ్మ గారెలు అల్లప్పచ్చడితో తింటూ తల ఊపుతూనే ఉంది. అమ్మమ్మ పక్కన నిలబడి వడ్డిస్తూ, "ఇంకోటి వెయ్యి, కాదంటే వినకు," అని నన్ను తరుముతోంది. మధ్యలో నాన్న లేచి ఫోన్ దగ్గరికి వెళ్ళాడు. టికెట్లు అమ్మే అంకుల్‌తో, "అవునండీ, గురువారం టికెట్టే. క్యాన్సిల్ చేసేయండి. లేదండీ, ఆవిడ ఇక్కడే ఉంటారు," అన్నాడు. అమ్మమ్మ వెనక్కి తిరిగి చూడలేదు. నా కంచంలో అడగకుండానే ఒక గారె పడింది. నాకు ఊరికే నవ్వొచ్చేస్తోంది, కళ్ళల్లో నీళ్ళొచ్చేస్తున్నాయి. గారె కారంగా ఉందని చెప్పాను.

భోజనాలయ్యాక డాక్టరమ్మ తన బెంగ ఒకటి చెప్పింది. వాళ్ళ కొండల్లో మంచు పడితే దారులు మూసుకుపోతాయట, నొప్పులు పడే ఆడవాళ్ళు ఆసుపత్రికి చేరేలోపే పోతారట. అందుకని తన జీతంలోంచి కూడబెట్టీ, తోటి డాక్టర్లని దేబిరించీ, ఆసుపత్రి పక్కన ఒక ఇల్లు కట్టించింది. నెలలు నిండినవాళ్ళు ముందే దిగివచ్చి అక్కడ ఉండొచ్చు. మనిషికో మంచం ఉంది, మందులున్నాయి, నర్సు ఉంది, వెచ్చగా ఉంటుంది, తిండి పెడతారు. అయినా వచ్చినవాళ్ళు వారం తిరక్కుండా మంచులో పడి ఇంటికి వెళ్ళిపోతున్నారు. "ఎందుకో నాకు అంతు పట్టడం లేదు," అంది.

మిగిలిన సోమవారాలూ అలాగే గడిచాయి. అమ్మమ్మ మధ్యాహ్నం తినేది, సాయంత్రం డాక్టరమ్మకి పెట్టేది. కార్తీకం వెళ్ళిపోయింది, వాళ్ళ ఉపవాసాల నెలా వెళ్ళిపోయింది, అయినా సోమవారం రాగానే ఆవిడ కాళ్ళు మా ఇంటి వైపే నడిచేవి.

మంచు బాగా పడిన ఒక పొద్దున తమ్ముడు పుట్టాడు. నాన్న నన్ను తీసుకెళ్ళేసరికి వాడు తొట్టెలో గుడ్డలో చుట్టుకుని, అందరి మీదా కోపంగా ఉన్నాడు. అమ్మ నిద్రపోతోంది. మంచం పక్కన కుర్చీలో అమ్మమ్మ కూడా కూర్చునే నిద్రపోతోంది, మంకీ క్యాప్ ఇంకా తల మీదే ఉంది. అమ్మ చేయి ఆవిడ కొంగు చివర పట్టుకుని ఉంది, చిన్నపిల్లలు పట్టుకున్నట్టు. డాక్టరమ్మ డ్యూటీ దిగి చూడటానికి వచ్చింది. నేను తమ్ముణ్ణి చూపించాలని చేయి పట్టుకు లాగాను. ఆవిడ గుమ్మంలోనే నిలబడిపోయింది. బిడ్డ వైపు కాదు, ఆ కొంగు వైపు చాలాసేపు చూసింది. తర్వాత చప్పుడు చేయకుండా తలుపు దగ్గరికి వేసి, నన్ను ఎత్తుకుని బుగ్గ మీద ముద్దు పెట్టింది. ఎత్తుకునే వయసు కాదు నాది.

అమ్మమ్మ ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. డాక్టరమ్మ ఉద్యోగం మానేసి వాళ్ళ దేశం వెళ్ళిపోయింది, కొన్నాళ్ళకి అక్కడే పోయిందని తెలిసింది. వెళ్ళేముందు మా అమ్మకి కొండల్లోని ఆ ఇంటి లోపల తీసిన ఫోటో ఒకటి ఇచ్చింది. ఇప్పుడెవరూ మధ్యలో పారిపోవడం లేదని చెప్పింది. అమ్మ చూసి నాకిచ్చింది. తెల్లటి గోడలు, ఎర్ర దుప్పటి, మంచం మీద నిండు నెలల పిల్ల ఒకతె బుగ్గన చెయ్యి పెట్టుకుని నవ్వుతోంది. దాని పక్కనే, చెయ్యి చాపితే అందేంత దగ్గరగా, ఇంకో మంచం. దాని మీద ఆ పిల్ల వాళ్ళమ్మ.